ఆవరణం – వెనుక అద్దం

భగవద్గీత మూడవ అధ్యాయంలో, కామం జ్ఞానాన్ని ఏ విధంగా కప్పివేస్తుందో వివరించే సందర్భంలో, మూడు ఉపమానాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పొగ చేత అగ్ని, ధూళి చేత అద్దం, మావి చేత గర్భస్థశిశువు కప్పబడి ఉన్నట్లు అని భగవానుడు చెబుతాడు. ఒక్క ఉపమానంతో తెలియదగిన విషయానికి మూడు ఎందుకు అనే ప్రశ్నకు పెద్దలు చెప్పే సమాధానం ప్రసిద్ధమే. గాలి వీచితే పొగ తొలగుతుంది. ధూళి పోవాలంటే చేయి కదలాలి. మావి తొలగడానికి గాలీ చాలదు, చేయీ చాలదు. కాలం పరిపక్వం కావాలి. ఆవరణాలన్నీ ఒకే జాతివి కావు గనుక వాటిని తొలగించే ఉపాయం కూడా ఒకటే కాదు.

రాజమహేంద్రవరంలో మూడు దశాబ్దాలకు పైగా సంస్కృతం బోధించి పదవీవిరమణ చేసిన ఒక ఉపన్యాసకుడు ఈ శ్లోకాన్ని ఎన్ని తరగతులకు వ్యాఖ్యానించారో ఆయనకే లెక్క లేదు. అద్దం అనే మాట వచ్చినప్పుడల్లా విద్యార్థుల వైపు చూసి, "మీరు రోజూ గంటసేపు చూసుకునే అద్దమే నాయనా" అని నవ్వించేవారు. ఆ అద్దం తన కారు వెనుక అద్దం కూడా కావచ్చునని ఆయనకు అరవై తొమ్మిదవ ఏట గాని తోచలేదు. తోచిన విధం మాత్రం సుఖకరమైనది కాదు.

కార్తీకమాసంలో ఒక ఉదయం. ఆయన ఇల్లు ఇరుకైన వీథిలో ఉంది. కారును వెనుకకు నడిపిస్తే తప్ప పెద్ద రోడ్డుకు చేరదు. కారు వెనుకభాగం తూర్పుకు ఉంటుంది. అప్పుడే పైకి వచ్చిన సూర్యుని కిరణాలు ఏటవాలుగా వెనుక అద్దం మీద పడుతున్నాయి. శుభ్రమైన అద్దం గుండా ఆ వెలుతురు నేరుగా సాగిపోతుంది. మురికి అద్దం మీద ప్రతి ధూళికణమూ ఆ వెలుతురును చెదరగొడుతుంది. అద్దమంతా ఒక తెల్లని తెరగా మారుతుంది. వెలుతురు లేనప్పుడు కనిపించని మురికి వెలుతురు పడినప్పుడే దృష్టిని అడ్డుకుంటుంది. ఆయన లోపలి అద్దంలోకి చూశారు, ఆ తెల్లదనాన్ని ఖాళీ వీథి అనుకున్నారు, రివర్స్ గేరు వేశారు.

"మాస్టారూ! ఆపండి, ఆపండి!" అని పక్కింటి ఇల్లాలి కేక.

కారు ఆగింది. దిగి చూస్తే, మూడు చక్రాల సైకిలు మీద నాలుగేళ్ల పసివాడు, కారుకు బారెడు దూరంలో, ఏమీ ఎరుగనట్టు గంట కొట్టుకుంటున్నాడు. ఆ తల్లి కోపగించుకోలేదు. పిల్లవాణ్ణి ఎత్తుకుని, "మీకు కనపడలేదా మాస్టారూ?" అని మాత్రం అడిగింది. ఆయన కనపడలేదని చెప్పలేకపోయారు. అది అసత్యం కాదు, అయినా ఆ మాట నోటికి రాలేదు. చూడవలసినదాన్ని చూడగలిగే స్థితిలో ఉంచుకోకపోవడం తన బాధ్యత అయినప్పుడు, కనపడలేదనడం సమాధానం కాదని ఆయనకు తెలుసు.

ఆ రోజు గోదావరికి వెళ్లలేదు. ఇంజను ఆపి, కారు వెనుక కుర్చీ వేసుకుని కూర్చుని, ఏడేళ్లుగా తనదైన ఆ అద్దాన్ని మొదటిసారి చూశారు.

దాని మీద మూడు పొరలు ఉన్నాయి. వెలుపల వీథి ధూళి, వాన చారలు, పిచ్చుకల రెట్టలు. లోపల వేలితో రాస్తే జిడ్డుగా తగిలే సన్నని పొగమంచు వంటి పూత. ఎండలో మూసి ఉన్న కారులో ప్లాస్టిక్ సామగ్రి వేడెక్కి విడిచే ఆవిరి కొంత, మనుషుల ఊపిరి కొంత, ప్రతి శుక్రవారం డాష్‌బోర్డు మీద ఆయన వెలిగించే అగరువత్తి పొగ కొంత చేరి ఏర్పడిన పూత అది. ఇక మూడవది, ఎడమ వైపు సగం మేర, లోపలి నుండి అంటించిన సత్యనారాయణస్వామి స్టిక్కరు. కారు కొన్న ఏడాది అన్నవరం వెళ్లినప్పుడు ఆయన సహధర్మచారిణి కొండ మీద కొన్నది. కొన్న చోటే, నీడన నిలబెట్టిన కారులో, వెనుక సీటు మీద మోకరించి తన చేతులతో అంటించింది. ఎండకు స్వామివారి పీతాంబరం తెల్లబడింది. అంచులు పెళుసుబారి పైకి లేచాయి. అయినా అది చాలా వరకు అపారదర్శకమే. పసివాడు ఉన్నది సరిగ్గా ఆ వైపే.

ఆమె కాలం చేసి రెండేళ్లు. కారు లోపలి అద్దాలు తుడవడం ఆమె పని. పాత నూలుచీర ముక్కతో, ప్రతి పండుగకు ముందు. బయట కడగడం ఆయన పని. ఆయన తన పనిని ఏదో విధంగా కొనసాగించారు. ఆమె పని అలాగే మిగిలిపోయింది. లోపలి పూత వయస్సు రెండేళ్లు.

అయితే వెంటనే గుడ్డ పుచ్చుకుని తుడవడానికి ఆయన సాహసించలేదు. దానికి కారణం 2012లో ఉంది.

ఆ ఏడాది ఏప్రిల్‌లో సర్వోన్నత న్యాయస్థానం కారు అద్దాలకు నల్ల ఫిల్ములు అంటించడాన్ని నిషేధించింది. ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు సాగాలని మోటారు వాహనాల నిబంధన. అద్దం తయారైనప్పుడే ఆ మేరకు ఉండాలి గాని, తరువాత పైన ఏ ఫిల్మూ అంటించరాదని ఆ తీర్పు. ఆ వేసవిలో ప్రతి కూడలిలోనూ పోలీసులు కార్లు ఆపి జరిమానాలు రాశారు. ఆయన పాత కారుకు నాలుగు వైపులా ఫిల్ము ఉండేది. పక్క అద్దాలవి సులభంగా వచ్చేశాయి. వెనుక అద్దం ఫిల్ము ముక్కలు ముక్కలుగా చిరిగి, జిగురు మాత్రం మిగిలింది. ఆ జిగురు మధ్య అడ్డంగా, సన్నగా, గోధుమవన్నె గీతలు కొన్ని కనిపించాయి. జిగురే గట్టిపడి గీతలు కట్టిందని ఆయన నిర్ణయించుకున్నారు. గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి, నిలువుగా, పై నుండి క్రిందికి గీకారు. మూడు గీతలు దాదాపు పూర్తిగా పోయాయి, నాలుగైదు మధ్యలో తెగాయి. ఎంత శుభ్రంగా వచ్చిందో చూడమని ఆమెను పిలిచి చూపించారు కూడా.

ఆ ఏడు డిసెంబరులో విశాఖపట్నం నుండి అరకు వెళుతూ ఘాట్ రోడ్డు మీద మంచులో చిక్కుకున్నారు. అద్దాలన్నీ చెమర్చాయి. ముందు అద్దం మీదికి గాలి వదిలితే అది తేరుకుంది. వెనుక అద్దానికి ప్రత్యేకమైన మీట ఉంది, నొక్కారు. కాసేపటికి అద్దం మీద అడ్డంగా రెండు మూడు సన్నని పట్టీల మేర మాత్రం తెరిపి వచ్చింది. తక్కినదంతా మంచే. "ఏమండీ, వెనుక ఏదో పెద్దది వస్తున్నట్టుంది, పక్కకు తీయండి" అన్నది ఆమె, చప్పుడును బట్టి. ఆయన పక్కకు తీసేంతలో ఒక లారీ ఒరుసుకున్నంత దగ్గరగా దాటిపోయింది. తరువాత విశాఖలో ఒక మెకానిక్కు ఆ అద్దం చూపిస్తే, అతడు వేలితో తడిమి, "ఎవరో గీకేశారండీ. ఇవి మట్టి కాదు మాస్టారూ, తీగలు" అన్నాడు.

ఈ గీతల సంగతి కారు ఉన్నవారిలో చాలామందికి తెలియదు గనుక కొంత వివరం అవసరం. వెండి కలిసిన ఒక విధమైన పింగాణీ ముద్దతో అద్దం లోపలి ముఖం మీద వీటిని అచ్చువేసి, గాజుతో పాటు కొలిమిలో కాలుస్తారు. రెండు పక్కలా నిలువుగా వెడల్పాటి పట్టీలు ఉంటాయి. బ్యాటరీ విద్యుత్తు ఒక పట్టీ నుండి గీతలన్నిటి గుండా ఏకకాలంలో ప్రవహించి రెండవ పట్టీకి చేరుతుంది. ప్రవహించేటప్పుడు గీతలు వేడెక్కుతాయి. చెమ్మ ఆవిరై తెరిపి వస్తుంది. దీనినే డీఫాగర్ అంటారు. ఒక గీత ఎక్కడ తెగినా ఆ గీత మొత్తం పని మానుతుంది; తక్కినవి తమ పని తాము చేసుకుంటాయి. కొన్ని కార్లలో రేడియో ఏంటెనా కూడా ఇదే విధంగా అద్దం మీది గీతల రూపంలో ఉంటుంది. తెగిన చోట పూసి అతికే వెండి రంగు దొరుకుతుంది గాని, వెంట్రుకవాసి తెగుళ్లకు అది సరిపోతుంది, బ్లేడుతో అంగుళాల కొద్దీ గీకినదానికి కాదు.

రజ్జుసర్పభ్రాంతి గురించి ఆయన వందలసార్లు చెప్పి ఉంటారు. మసక వెలుతురులో త్రాడు పాముగా తోస్తుంది. దీపం తెస్తే పాము ఉండదు, త్రాడే ఉంటుంది. లేనిదాన్ని ఉన్నదనుకోవడం భయానికి హేతువు. ఆయన బ్లేడు చేసిన పని ఇంతకంటే చిక్కైనది. ఆవరణాన్ని తొలగించే సాధనాన్నే ఆవరణమని భ్రమించి, ఆవరణం తొలగిస్తున్నాననే సంతృప్తితో సాధనాన్ని నాశనం చేశారు. భ్రాంతిలో భయం ఉంటే మనిషి వెనక్కు తగ్గుతాడు. భ్రాంతిలో శౌచాభిమానం ఉంటే మరింత గట్టిగా గీకుతాడు. సాధకులలో ఈ రెండవ జాతి వారు తక్కువేమీ కాదు. జపమాల, నియమం, సంధ్య, అన్నీ ద్వైతమేనని ఒక్క ఊపున వదిలించుకుని, మనస్సు మంచు పట్టిన రోజున నొక్కడానికి మీట ఉండి కూడా వెలిగే గీత లేక కూర్చున్నవారు ఆయనకు తెలిసిన వారిలోనే ఉన్నారు.

అందువల్ల ఈసారి ఆయన మొదట గీతలు లెక్కపెట్టారు. పదకొండు. స్టిక్కరు క్రింద వాటిలో ఆరు ఉన్నాయి.

వెలుపలి పని త్వరగానే ముగిసింది. ఎండ అద్దం మీదికి రాక ముందు, నీడలో, అద్దం చల్లగా ఉండగా మొదలుపెట్టారు. కాగిన అద్దం మీద నీళ్లు తుడిచేలోపే ఆరిపోయి మరకలు మిగులుస్తాయి. ఎక్కడైనా పంటు పడి ఉంటే, హఠాత్తుగా చల్లబడడం గాజుకు మంచిది కాదు. వెనుక అద్దం స్వభావం ముందు అద్దం వంటిది కాదు. ముందుది రెండు గాజుపలకల నడుమ ప్లాస్టిక్ పొర పెట్టి చేసినది, పగిలినా అతుక్కునే ఉంటుంది. వెనుకది సాధారణంగా ఒకే పలక. దాన్ని బాగా కాల్చి ఒక్కసారిగా గాలితో చల్లార్చుతారు. పై ముఖాలు లోపలికి నొక్కుకుంటూ, నడిమి భాగం బయటికి లాగుతూ, ఆ బిగువులోనే దాని బలం ఉంటుంది. ఆ బిగువు ఒక్క చోట తెగితే అద్దమంతా చిన్న చిన్న గుళ్లుగా రాలిపోతుంది. కనుక పొడి గుడ్డతో రుద్దలేదు. ధూళిలోని ఇసుక రేణువులే గాజును గీస్తాయి. ముందు మగ్గుతో పై నుండి నీళ్లు పోసి ధూళిని జారనిచ్చారు. రెట్టల మీద తడిగుడ్డ కాసేపు పరచి నానబెట్టారు. ఆ తరువాతే కొద్దిగా షాంపూ కలిపిన నీళ్లతో, మెత్తని స్పాంజితో తుడిచి, మళ్లీ కడిగి, ఆరబెట్టారు. ధూళికి నీరు చాలింది.

లోపలి పని అంత సులభం కాదు. ఏటవాలుగా వంగిన అద్దం వెనుక సీటు పైన ఉన్న అరతో కలిసేచోట సన్నని మూల ఏర్పడుతుంది. అరచేయి అక్కడ పట్టదు. ఆయన నడుము కూడా పూర్వపుది కాదు. హ్యాండ్‌బ్రేకు వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, నాలుగు తలుపులూ తెరిచి, సీటు మీద ఒక దిండు వేసుకుని మోకరించారు. మోకరించిన తరువాత, సరిగ్గా ఇక్కడే ఇదే భంగిమలో ఆమె ఉండేదని స్ఫురించింది. ఆ చిన్న మూలను ఆమె ఎట్లా తుడిచేదో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించారు. చేతిని తిప్పి, అరచేయి తన వైపుకు, గోళ్ల వైపు అద్దానికి ఆనించి, గుడ్డను వేళ్ల వెనుక చుట్టుకుని జరిపేది. ఆయన అలా చేసి చూశారు. చేయి మూల దాకా వెళ్లింది.

ఇక్కడ పాటించినవి మూడు నాలుగు జాగ్రత్తలు. ద్రవాన్ని అద్దం మీద చల్లలేదు, గుడ్డ మీద చల్లారు. అద్దం మీద చల్లితే అది కారి అరలోని స్పీకర్ల మీదికి, పక్క పట్టీలకు టంకం వేసిన తీగముక్కల మీదికి చేరుతుంది. ఆ తీగముక్కల దగ్గర గుడ్డ పోగు తగులుకుంటే అవి ఊడివస్తాయి కనుక అక్కడ వేలికొనతో మాత్రమే తుడిచారు. ఇంట్లో కిటికీలకు వాడే ఘాటైన అమ్మోనియా ద్రవాన్ని దూరంగా పెట్టారు. మూసిన చోట దాని ఆవిరి కళ్లకు, ఊపిరికి మంచిది కాదు. అన్నిటికంటే ముఖ్యం, చేతి దిశ. అలవాటు చొప్పున చేయి గుండ్రంగా తిరగబోతుంది. గీతలను అడ్డంగా కోసే ప్రతి కదలికా వాటిని అరగదీస్తుంది. గీతలు ఎటు సాగాయో అటే, ఎడమ నుండి కుడికి, కుడి నుండి ఎడమకు, తేలికగా సాగాలి. కొంతసేపటికి చేతికి ఆ దిశ పట్టుబడింది. మనస్సు కూడా దానితో పాటు నెమ్మదించిందని ఆయన తరువాత ఒక మిత్రునితో అన్నారు. అది జపం వంటిదా అని మిత్రుడు అడిగితే, "జపంలో ఇంత శ్రద్ధ ఎన్నడూ పెట్టలేదు" అని ఆయన సమాధానం.

మొదటి తుడుపుకు జిడ్డు పోలేదు. ఒక చోటి నుండి మరొక చోటికి జరిగింది. ద్రవం ఎక్కువైందని, గుడ్డ ఒకే మడత మీద ఉండిపోయిందని గ్రహించడానికి రెండు ప్రయత్నాలు పట్టాయి. శంకరభగవత్పాదుల ఆత్మబోధలో ఒక దృష్టాంతం ఉంది. కలక నీటిలో వేసిన చిల్లగింజ పొడి బురదను అడుగుకు చేర్చి, ఆ తరువాత తాను కూడా అడుగుకు చేరుతుంది. అదే విధంగా జ్ఞానం అజ్ఞానాన్ని పోగొట్టి తానూ ఉపశమిస్తుంది. గోదావరి వరదల కాలంలో బిందె లోపల చిల్లగింజ అరగదీసిన తరం ఆయనది. కడిగినది కూడా మిగలరాదన్న మాట పాఠంలో ఎంత సులభం! కారులో ఆయన కడుగుడు ద్రవమే కొత్త ఆవరణమై చారలు కట్టింది. పొడి మైక్రోఫైబర్ గుడ్డతో, మడత మార్చి మార్చి, ఆ ద్రవాన్ని కూడా పూర్తిగా తీసివేసిన తరువాత గాని గాజు కనిపించలేదు. ఆమె నూలుచీర ముక్క కూడా తెచ్చుకున్నారు గాని దానితో తుడవలేదు. పోగులు రాలుతున్నాయని కారణం చెప్పుకున్నారు.

మిగిలింది స్టిక్కరు.

దానిని తీయాలని నిర్ణయం అప్పటికే జరిగింది. పసివాడి తల్లి అడిగిన ప్రశ్న ఆ నిర్ణయం చేసింది. అయినా ఆయన మూడు రోజులు ఆలస్యం చేశారు. దేవుని రూపాన్ని గోళ్లతో పెరకడమా అనే సంకోచం ఒకటి. మరొకటి, బయటి నుండి చూసినప్పుడు మాత్రమే కనిపించేది. స్టిక్కరు కుడి క్రింది మూలలో, జిగురులో, ఒక బొటనవ్రేలి ముద్ర ఉంది. వెనుక కాగితం ఒలిచేటప్పుడు ఆమె పట్టుకున్న చోటు. ఏడేళ్ల ఎండ దాన్ని చెరపలేదు. బయట దుమ్ము కడిగిన తరువాతే అది ఆయన కంటపడింది. శుభ్రం చేయకపోతే ఆ ముద్ర ఉన్నదని తెలిసేది కాదు. తెలిసిన తరువాత పూర్తిగా శుభ్రం చేయడం కష్టమైంది.

మొదటి సంకోచానికి ఆయన చదువులోనే సమాధానం ఉంది. వినాయకచవితి నాడు మట్టి ప్రతిమలో ఆవాహన చేస్తాం, పూజిస్తాం, ఉద్వాసన చెప్పి నీటిలో కలుపుతాం. నీటిలో కలిసేది మట్టి, స్వామి కాదు. ఏ ఉపాధిలోనికి పిలిచామో ఆ ఉపాధిని పట్టుకుని ఉండమని శాస్త్రం ఎక్కడా చెప్పలేదు. దారి చూపవలసిన అద్దం మీద దారి కనపడకుండా నిలబడాలని సత్యదేవుడు కోరుకుంటాడని అనుకోవడం భక్తి కాదు. నాలుగవ రోజు ఉదయం స్నానం చేసి, కారు వెనుక నిలబడి, పుష్పాక్షతలు వేసి ఉద్వాసన చెప్పారు. వీథిలో వెళ్లేవారు కొత్త కారు కొన్నారేమో అనుకుని ఉంటారు.

రెండవ సంకోచానికి శాస్త్రంలో సమాధానం వెతకలేదు.

బ్లేడు జోలికి పోలేదు. మనుమరాలి హెయిర్ డ్రైయర్ తీసుకుని, బయటి నుండి, ఒకే చోట నిలపకుండా అటూ ఇటూ జరుపుతూ, చేయి ఆనించగలిగినంత వెచ్చదనం వచ్చేదాకా వేడి చేశారు. లోపలికి వచ్చి పై మూలను గోరుతో లేపి, పైకి గుంజకుండా, అద్దానికి దాదాపు సమాంతరంగా, గీతల దిశలోనే మెల్లగా లాగారు. పెళుసుబారిన స్టిక్కరు ఒక్క పొరగా రాలేదు. అంగుళం వచ్చి చిరిగేది. మళ్లీ వేడి, మళ్లీ అంగుళం. పూర్తి కావడానికి రెండు ఉదయాలు పట్టాయి. మొదటి రోజు నడుము నొప్పితో సగంలో ఆపివేయవలసి వచ్చింది. ఆ సగం రోజు కారు మీద స్వామివారి పాదాలు మాత్రమే మిగిలి ఉన్నాయి. రెండవ రోజున ఆ క్రింది భాగమూ వచ్చింది. ముక్కలను నదిలో వేయలేదు. అది ప్లాస్టిక్, గోదావరికి దానివల్ల పుణ్యమేమీ లేదు. ఒక కాగితంలో చుట్టి పూజగది అలమరలో, చిరిగిన పంచాంగాలు ఉండే చోట ఉంచారు.

జిగురు మిగిలింది. దాని మీద కొబ్బరినూనె పూసిన గుడ్డ ముక్కను పరచి వదిలివేశారు. ఈ పనికి బలం పనికిరాదు. నూనె జిగురులోకి ఇంకడానికి సమయం కావాలి. అరగంటకు ఒకసారి వచ్చి వేలికొన గుడ్డతో, అడ్డంగా, మెత్తబడినంత మేర తీసేవారు. మెత్తబడనిదాన్ని వదిలి వెళ్లేవారు. పై వరుసలు మధ్యాహ్నానికి వచ్చేశాయి. కుడి క్రింది మూల వద్దకు వచ్చేసరికి సాయంత్రమైంది. ఆ మూల మీద నూనె గుడ్డ పెట్టి, ఇంట్లోకి వెళ్లి, సంధ్యావందనం చేసుకుని, భోజనం చేసి, రాత్రి టార్చిలైటు తీసుకుని వచ్చారు. గుడ్డ తీస్తే జిగురు దానితో పాటే వచ్చేసింది. రుద్దవలసిన అవసరమే లేకపోయింది. మిగిలిన నూనెను షాంపూ నీళ్లతో, ఆ తడిని పొడి గుడ్డతో తీశారు. టార్చి వెలుతురులో గీతలు లెక్కపెట్టారు. పదకొండూ ఉన్నాయి. స్టిక్కరు క్రింద ఇన్నాళ్లూ ఉన్న ఆరూ తక్కిన వాటికంటే కొంచెం ముదురు రంగులో, కొత్తవాటి వలె ఉన్నాయి.

మరుసటి రోజు పక్కింటి ఇల్లాలిని పిలిచి, పసివాణ్ణి కారు వెనుక నిలబెట్టి చూపించమన్నారు. తాను డ్రైవరు సీటులో కూర్చుని లోపలి అద్దంలో చూశారు. బారెడు దూరంలో పిల్లవాడి తల స్పష్టంగా కనిపించింది. "ఇంకొంచెం దగ్గరికి రమ్మనమ్మా" అన్నారు. రెండడుగులు వేసేసరికి పిల్లవాడు డిక్కీ ఎత్తు క్రింద పూర్తిగా అదృశ్యమయ్యాడు. అద్దం ఎంత నిర్మలమైనా అది ఉన్న ఎత్తును బట్టే చూపు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత దిగి వచ్చి, "అమ్మా, నేను కారు తీసేముందు చుట్టూ ఒకసారి తిరిగి చూసి గాని ఎక్కను. నువ్వు కూడా చూస్తూ ఉండు" అన్నారు. "అలాగే మాస్టారూ" అన్నది ఆమె. ఆనాటి నుండి ఆయన కారెక్కే ముందు ప్రదక్షిణం చేస్తున్నారు. వీథివారికి అది భక్తిగా తోస్తున్నది. ఆయన ఎవరికీ వివరణ ఇవ్వడం లేదు.

ధనుర్మాసం చివరి రోజులలో గోదావరి మీది నుండి మంచు దట్టంగా వస్తుంది. భోగి నాటి తెల్లవారుజామున ఆయన ఒక్కరే బయలుదేరారు. ప్రదక్షిణం చేసి, ఎక్కి, ఇంజను నడిపి, వెనుక అద్దం మీట నొక్కారు. అద్దమంతా చెమ్మతో తెల్లగా ఉంది. ముందుగా ఆ తెలుపులో ఎడమ వైపు ఒక దీర్ఘచతురస్రం తేలింది. తుడిచి తుడిచి కంటికి ఏమీ మిగలని చోట, జిగురు ఉన్న మేరకు చెమ్మ వేరుగా పట్టి, స్టిక్కరు అంచులు నాలుగూ గీసినట్టు కనిపించాయి. కుడి క్రింది మూల దాకా. ఆ తరువాత గీతలు వెచ్చబడ్డాయి. పదకొండు పట్టీలుగా తెరిపి వచ్చి, ఒకదానితో ఒకటి కలుస్తూ, దీర్ఘచతురస్రాన్ని అంచుల నుండి లోపలికి కరిగించాయి. ఆయన రివర్స్ గేరు వేయకుండా, అది పూర్తిగా పోయేదాకా చూస్తూ కూర్చున్నారు. వీథి చివర భోగిమంట వెలిగించినట్టున్నారు. అద్దం గుండా ఎర్రగా కనిపించింది.